పస్తు ప్రయాణం

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరం కలిసి ఒకే లెక్క చేశాం. ఒక్కొక్కరికి ఒక్కో జవాబొచ్చింది.

లెక్క చిన్నదే. మా డాబా మీది చేపల్ని సంచుల్లో కట్టిన దగ్గర్నుంచి, ఎక్కడో దూరాన ఉన్న ఆ నగరంలో షాపాయన సంచులు విప్పేదాకా ఎంతసేపు పడుతుంది? మా ఆయన పన్నెండు గంటలన్నాడు. ఫోన్లో మా ఊరి పేరూ ఆ ఊరి పేరూ కొట్టి చూశాడు. తొమ్మిది వేల పైచిలుకు కిలోమీటర్లు, పన్నెండు గంటల ప్రయాణం అని అది చెప్పింది. ఫోను చెప్పాక ఆయనకు ఇంకెవరి మాటా చెవికెక్కదు.

భోజనాల బల్ల దగ్గర ఈ మాట వినగానే బావగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశారు. బావగారంటే మా ఆయనకు అన్నగారు, హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంటికొచ్చినా మాస్టారే, బెత్తం ఒక్కటే ఉండదు.

"ఈ తొమ్మిది వేలు ఏ విమానం లెక్కరా?" అన్నారు.

"తిన్నగా వెళ్తే అన్నయ్యా."

"తిన్నగా వెళ్ళే విమానం ఉందా?"

మా ఆయన నీళ్ళు నమిలాడు. "లేదు. మధ్యలో ఒకచోట మారాలి."

"మరి తాడు పట్టి లాగినట్టు కొలిచి నాకెందుకు చెప్తావ్? ఇక్కణ్ణుంచి విమానాశ్రయానికి రోడ్డు మీద ఎంతసేపు? అక్కడ సరుకు షెడ్డులో ఎంతసేపు? మధ్య ఊళ్ళో రెండో విమానం కోసం ఎంతసేపు పడుండాలి? దిగాక అక్కడి అధికారులు పెట్టె తెరిచి చూసి వదిలేసరికి ఎంత? చేప గాల్లో ఉండేది కాదురా, సంచిలో ఉండేది లెక్కెయ్యి."

వేశాం. ఇవాళ మధ్యాహ్నం కట్టిన సంచి రేపు సాయంత్రానికి గానీ విప్పరని తేలింది. మా ఆయన మొహం వాడిపోయింది. బావగారు మళ్ళీ అన్నం కలుపుకున్నారు.

ఇలా రాస్తే ఆయనకు చేపల మీద పగ అనుకుంటారేమో. పగ లేదు, పడగ్గది శ్లాబు మీద బెంగ, అంతే. మా చేపల తొట్లన్నీ సరిగ్గా ఆయన నెత్తిమీదే ఉన్నాయి. రోజూ నీళ్ళు మార్చి మార్చి శ్లాబు చెమ్మెక్కింది. మంచం మీద పడుకుని పైకి చూస్తే మరక రోజుకో కొత్త ఖండంలా కనబడేది. వాళ్ళావిడ, నా తోటికోడలు, బీరువా తెరిస్తే చెమ్మకి చీరలన్నీ ముక్కవాసన. "మీ చేపల పుణ్యమాని నేను పెళ్ళికెళ్తే పక్కన ఎవరూ కూర్చోవట్లేదు" అనేది. నవ్వుతూనే అనేది. కానీ ప్రతి పెళ్ళికీ అనేది.

అందుకని ఆ ఎండాకాలం మొదట్లోనే ఒక ఒప్పందం జరిగింది. దూరదేశపు షాపాయన అడిగిన ఈ ఒక్క సరుకూ పంపాలి. చేపలు బతికి చేరితే ఆయన నెలనెలా తీసుకుంటాడు, తొట్లు ఉంటాయి. చేరకపోతే వానలు పడేలోపు తొట్లన్నీ దింపేసి శ్లాబు మరమ్మతు చేయించాలి, మా ఆయన నా తోటికోడలి తమ్ముడి టైల్స్ గోడౌన్లో పనికి చేరాలి. మా ఆయన సరేనన్నాడు. అనేటప్పుడు తలెత్తలేదు.

ఆయన సంగతి నాకు తెలుసు. నాతో మాట్లాడే మాటలకంటే తొట్ల దగ్గర మాట్లాడేవే ఎక్కువ. వంగి వంగి చూస్తుంటే చొక్కా జేబులోంచి ఫోను జారి నీళ్ళలో పడేది. ఆ ఫోను వారానికోసారి స్నానం చేసేది, చివరికి ఒకరోజు లేవలేదు. అందుకే షాపాయనకు బావగారి నంబరిచ్చాం. ఇలాంటి మనిషిని తీసుకెళ్ళి టైల్స్ మధ్య కూర్చోబెడితే ఏమవుతాడో తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

చేపలంటే మామూలు చేపలు కావు. డిస్కస్ అంటారు, గుండ్రంగా పళ్ళెంలా ఉంటాయి, నీలం మీద ఎర్రగీతలు. అత్తయ్య వాటిని 'పళ్ళేలు' అనేది. "చిన్నమ్మాయ్, ఇవాళ పళ్ళేలు అలిగినట్టున్నాయి, ఒక మూలకి పోయాయి చూడు" అని కబురు చెప్పేది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేకపోయినా రోజుకు రెండుసార్లు డాబా మీదికొచ్చేది.

సరుకు పంపడానికి వారం ముందు బావగారికి ఇంకో అనుమానం పుట్టింది.

"అక్కడివాడు అబద్ధమాడడని నమ్మకమేంటి? బతికున్నవాటిని తొట్లో వేసుకుని, చచ్చిపోయాయని రాస్తే మనం చూడొచ్చామా?"

"అలా అనడు అన్నయ్యా, పేరున్న షాపు."

"మనుషులు అబద్ధాలాడతారురా. పిల్లలే ఆడుతున్నారు నా ముందు. ఒక పని చెయ్యి. వాటితోపాటే ఇంకో పెట్టె కట్టి ఇంట్లో పెట్టు. అవే నీళ్ళు, అదే గాలి, అదే వేళ. అది అక్కడ విప్పేటప్పుడు ఇది ఇక్కడ విప్పుదాం. ఇవి బతికుంటే అవీ బతికున్నట్టే."

మాట సబబుగానే ఉంది. మా ఆయనకు కూడా నచ్చింది. దానికి జంట పెట్టె అని పేరు పెట్టాడు.

పంపే ముందు చేపల్ని రెండు రోజులు పస్తు పెట్టాలి. కడుపులో మేత ఉంటే సంచిలో విసర్జిస్తాయి, ఉన్న కాసిని నీళ్ళూ విషమైపోతాయి. పంపే చేపల్ని మూడు ఖాళీ తొట్లలోకి మార్చాం. జంట పెట్టెలో పెట్టేవాటిని మెట్ల కింద వేరే టబ్బులో వేశాం. మా ఆయన అత్తయ్యతో, "అమ్మా, వీటికి మేత వెయ్యకు" అన్నాడు. అంతే అన్నాడు. ఎందుకో చెప్పేంత ఓపిక ఆ రోజుల్లో ఆయనకెక్కడిది!

"ప్రయాణం పెట్టుకుని పస్తులేంట్రా?" అంది అత్తయ్య.

"అబ్బ, అవి చేపలమ్మా."

"చేపలైతే ఆకలెయ్యదా?"

ఆయన ఆక్సిజన్ సిలిండర్ తేవడానికి వెళ్ళిపోయాడు. అత్తయ్య మూతి ముడుచుకుని కాసేపు తొట్ల దగ్గరే నిలబడింది.

ఆవిడ చేతి ముద్ద తినకుండా ఆ ఇంట్లోంచి ఎవరూ ఊరు దాటలేదు. ఆకలి లేదన్నా వినదు, ఆలస్యమైపోయిందన్నా వినదు. పెళ్ళయిన కొత్తలో నేను పుట్టింటికి బయల్దేరితే, ఆటోవాడు తొందరపెడుతుండగా గిన్నె పట్టుకుని వీధిలోకొచ్చి నా నోట్లో ముద్ద పెట్టింది. ఆటోవాడు గొణిగితే వాడికీ ఒకటి పెట్టింది. వాడు మళ్ళీ గొణగలేదు. బావగారు యాభయ్యో పడిలో పడ్డారు, అయినా పరీక్ష పేపర్లు దిద్దడానికి పక్క ఊరెళ్తుంటే గుమ్మం దగ్గర నోరు తెరవాల్సిందే.

పంపే రోజు ఎండ మాడిపోతోంది. మా ఆయన సిలిండర్ దగ్గర, నేను సంచుల దగ్గర. చేపకో సంచి. మూడో వంతు నీళ్ళు, పైన ఆక్సిజన్, మూతి మెలితిప్పి రెండు రబ్బరు బ్యాండ్లు. బావగారు సెలవు పెట్టి మరీ వచ్చి థర్మాకోల్ పెట్టెలకు టేపు వేశారు. ప్రతి పెట్టె మీదా ఏది పైవైపో బాణం గీశారు, స్కేలు పెట్టి. నా తోటికోడలు అందరికీ మంచినీళ్ళు తెచ్చింది. శ్లాబు గొడవ ఉన్నా ఆ పూట అందరం ఒక మాట మీద ఉన్నాం. ముందుగా జంట పెట్టె కట్టేసరికే రబ్బరు బ్యాండ్లు అయిపోతే, తొట్ల వైపున్న అత్తయ్యను నేనే కేకేశాను.

"అత్తయ్యా, వంటింట్లో డబ్బాలో ఉన్నాయి, కాస్త తెస్తారా?"

"ఆఁ, వస్తున్నా" అని ఆవిడ చీరకొంగుకు చేతులు తుడుచుకుంటూ కిందికి దిగింది.

టాక్సీలో పెట్టెలన్నీ సర్దుకుని మా ఆయన విమానాశ్రయానికెళ్ళాడు. జంట పెట్టె హాల్లో కుట్టుమిషన్ మీద కూర్చుంది. ఆయన తిరిగొచ్చి, "విమానం లేచింది" అన్నప్పుడు అత్తయ్య రెండు చేతులూ జోడించింది. ఎవరికి దండం పెట్టిందో తెలియదు, మొహం మాత్రం పెట్టె వైపే ఉంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే అందరం పెట్టె చుట్టూ చేరాం. తెరవకూడదని బావగారి నియమం. మొదట ఓపిక పట్టలేకపోయింది కూడా ఆయనే.

"ఒక్కసారి మూతెత్తి చూస్తే లెక్క పాడైపోదులే" అన్నారు.

మా ఆయన మూత ఎత్తాడు. సంచుల్లో నీళ్ళు గాజులా తేటగా ఉన్నాయి. పళ్ళేలు రెక్కలాడిస్తూ మమ్మల్నే చూస్తున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. నా తోటికోడలు చప్పట్లు కొట్టింది. బావగారు గడియారం చూసి, "ఇప్పుడు రెండో విమానం సముద్రం మీద ఉంటుంది. సగం పైనే అయిపోయింది" అన్నారు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేశారు. ఆయన అలా వెయ్యగా నేను చూడటం అదే మొదటిసారి.

"అక్కడా ఇలాగే ఉంటాయి కదన్నయ్యా?"

"అవే నీళ్ళు, అదే గాలి. ఎందుకుండవ్?"

అత్తయ్య కూడా పెట్టెలోకి వంగి చూసింది. "పాపం, వీటి మొహాలు పీక్కుపోయాయిరా" అంది. "ఇంట్లో ఉండేవే కదా, నువ్వు వద్దన్నావని వీటికి పెట్టలేదు. వెళ్ళేవాళ్ళు నయం. కడుపునిండా తిని వెళ్ళారు."

నేను మా ఆయన వైపు చూశాను.

"ఏం తిన్నారమ్మా?" అన్నాడు మా ఆయన.

"మేతేరా. నానబెట్టి వేశాను. రెండ్రోజుల ఆకలి కదా, ఒక్క గింజ మిగల్చలేదు. రెండు తొట్లకి వేశాను, మూడోదాని దగ్గరికి వెళ్ళేలోపు చిన్నమ్మాయి రబ్బరు బ్యాండ్లని పిలిచింది. ఆ మూడో తొట్టివాళ్ళ గురించే నాకు రాత్రంతా దిగులు."

అత్తయ్య మా మొహాల్లోకి ఒక్కొక్కరిగా చూసుకుంటూ వచ్చింది. చివరికి మా ఆయన దగ్గర ఆగిపోయింది.

"పెట్టకూడదా?" అంది.

మా ఆయన పెట్టె మూత మెల్లగా మూశాడు. "ఎందుకు పెట్టకూడదో నేను నీకు చెప్పలేదమ్మా" అన్నాడు. అని డాబా మీదికి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఖాళీ తొట్టి అంచు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఏడిస్తే ఏమనాలో ఆలోచించుకుంటూ వెళ్ళాను, ఏడవలేదు. "గోడౌన్లో పొద్దున ఎన్నింటికి వెళ్ళాలో అడుగు" అన్నాడు. నేను ఏడ్చాను. నాకు అత్తయ్య మీద పిచ్చికోపం వచ్చింది, దాచడమెందుకు. ఆ కోపం కిందికి దిగేదాకా కూడా నిలవలేదు. మెట్ల దగ్గర ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కడానికి చూస్తోంది.

"చిన్నాడు ఏమన్నా తిన్నాడా?" అని అడిగింది.

ఆ పగలంతా ఇల్లు చావింటిలా ఉంది. విమానం గాల్లో ఉంది, పెట్టెలు విమానంలో ఉన్నాయి, ఎవరం ఏం చెయ్యగలం? ఒక్క సంచి విప్పి నీళ్ళు మార్చగలిగితే చాలు, బతుకుతాయి. తొమ్మిది వేల కిలోమీటర్లంటే ఎంతో నాకు ఆ రోజు తెలిసింది. అత్తయ్య జంట పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కూర మాడిపోయినా ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం బావగారి ఫోను మోగింది. ఫోన్ కాల్ కాదు, సందేశం. అందరం హాల్లోనే ఉన్నాం. బావగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ పై నుంచి చదివారు. అత్తయ్య కుర్చీలోంచి లేవబోయి లేవలేక, ఆయన వైపు చెయ్యి చాపింది.

"ఏమైందిరా పెద్దాడా?"

బావగారు ఆవిడ వైపు చూశారు.

"చేరాయమ్మా" అన్నారు. "అన్నీ బాగున్నాయట. షాపాయన చాలా సంతోషించాడు."

"నిజంగా?"

"నిజంగానే. ఇంకోసారి పంపమన్నాడు." ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

నా తోటికోడలు "హమ్మయ్య" అంది. మా ఆయనకు నమ్మకం కుదరలేదు, నాకూ కుదరలేదు, అయినా నవ్వాం. అత్తయ్య ఆయన జేబు వైపు చూసి, "పోనీలే" అంది.

జంట పెట్టె విప్పి చేపల్ని తొట్లో వదిలాక బావగారు డాబా మీదికి వచ్చి ఫోను మా ఆయన చేతికిచ్చారు. ఫోటో ఉంది. నీళ్ళు మజ్జిగలా ఉన్నాయి, పళ్ళేలు పక్కకి ఒరిగి తేలుతున్నాయి. సగానికి పైగా పోయాయి. తేటగా ఉన్న సంచుల్లోవి, అంటే మూడో తొట్టివి, ఒక్కటి కూడా పోలేదు. షాపాయన మర్యాదస్తుడు. 'ఇవి తిని వచ్చినట్టున్నాయి, ఈసారి పస్తు పెట్టి కొద్దిగా పంపండి, చూద్దాం' అని రాశాడు.

మా ఆయన ఫోను తిరిగిచ్చాడు. "తొట్లు రేపట్నుంచి దింపిస్తానన్నయ్యా. మాటంటే మాటే."

"దింపితే అమ్మకి తెలిసిపోదూ?" అన్నారు బావగారు.

"మరి శ్లాబు?"

"శ్లాబు సంగతి నేను చూసుకుంటా. ఇంకోసారి పంపుతామని అతనికి నేనే రాస్తా. ఈసారి అమ్మకి ఎందుకో చెప్పి పస్తు పెట్టు. విసుక్కోకుండా చెప్పు." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగారు. "ఆ టైల్స్ వాడితో మీ వదిన మాట్లాడుతుందిలే."

తొలి వానలు పడ్డాయి. శ్లాబు మరమ్మతు కాలేదు. బావగారు మంచం గోడవారకు జరిపి, చుక్కలు పడే చోట బకెట్టు పెట్టుకున్నారు. "నిద్ర బాగా పడుతోంది" అని అడక్కపోయినా అందరికీ చెప్పేవారు. నా తోటికోడలు చీరలు మా గది బీరువాలోకి మార్చింది. మరకలో కొత్త ఖండాలు పుడుతూనే ఉన్నాయి.

రెండో సరుకు ఆ వానల్లోనే కట్టాం. ఈసారి రెండు పెట్టెలే. మా ఆయన అత్తయ్యను తొట్టి పక్కన కూర్చోబెట్టి, మేత తింటే ఏమవుతుందో, నీళ్ళు ఎందుకు చెడతాయో మెల్లగా చెప్పాడు. ఆవిడ అంతా విని తలూపింది. మేత డబ్బా తెచ్చి నా చేతికిచ్చి, "నీ దగ్గర పెట్టుకో" అంది.

ఆ పూట అన్నానికి పిలిస్తే, "ఆకలిగా లేదమ్మాయ్" అంది. రాత్రికీ లేదంది. మర్నాడు కూడా మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. నాకు అనుమానం వచ్చి పక్కన కూర్చున్నాను.

"ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?"

"బాగానే ఉంది."

"మరి తినరేం?"

"అవి తినట్లేదుగా" అంది. "వాటికి పెట్టకుండా నా గొంతు దిగదు. చేరాక తింటాలే."

"పోయినసారి అన్నీ బాగానే చేరాయి కదా, ఎందుకంత దిగులు?"

ఆవిడ నా వైపు చూసి, నా చేతి మీద చెయ్యి వేసింది. "పెద్దాడు ఫోటో చూపించలేదుగా" అంది. "వాడికి పదో ఎక్కం వస్తే వీధంతా పలక చూపించుకొచ్చినవాడు. బాగుంటే చూపించడూ? పిచ్చిమాలోకం. వాడితో మాత్రం అనకు."

అంతలో బడి నుంచి బావగారు వచ్చారు, గొడుగు దులుపుకుంటూ.

"అమ్మ తిన్నదా?" అని నన్నడిగారు.

అత్తయ్య వేళ్ళు నా చేతిని ఒకసారి నొక్కాయి.

"తిన్నారు బావగారూ" అన్నాను.

పెట్టెలు వెళ్ళాయి. ఈసారి జంట పెట్టె కట్టలేదు, వద్దని బావగారే అన్నారు. మర్నాడు సాయంత్రం వాన కురుస్తుండగా ఫోను మోగింది. బావగారు చదువుతూ చదువుతూనే లేచారు. వచ్చి, నేల మీద గొంతుక్కూర్చుని, ఫోను అత్తయ్య కళ్ళ ముందు పెట్టారు.

"చూడమ్మా. ఇదుగో, చూడు. అన్నీ."

తొట్టినిండా నీలం పళ్ళేలు, ఎర్రగీతలు. అత్తయ్య ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. వేలితో ఒక్కొక్కదాన్నీ తాకింది. తాకినప్పుడల్లా ఫోటో పెద్దదైపోతుంటే బావగారు మళ్ళీ చిన్నది చేసి ఇచ్చారు.

"ఇప్పుడు వాటికి మేత వేస్తాడా అతను?"

"వేస్తాడమ్మా. వేసుంటాడు."

అత్తయ్య ఫోను ఆయనకిచ్చేసింది. "చిన్నమ్మాయ్, అన్నం పెట్టు. కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

బావగారు ఆవిడ మొహం చూశారు, తర్వాత నా మొహం చూశారు. నేను అప్పటికే వంటింటి గుమ్మంలో ఉన్నాను. అన్నం, కూర కంచంలో పెట్టుకుని వచ్చేసరికి ఆయన ఇంకా నేల మీదే ఉన్నారు. కంచం నా చేతిలోంచి తీసుకున్నారు. కలిపి, ముద్ద చేసి, వాళ్ళమ్మ నోటి దగ్గర పెట్టారు.

"నేనెక్కడికి వెళ్తున్నాన్రా?" అంది అత్తయ్య.

"ఎక్కడికీ వద్దు. నోరు తెరు" అన్నారు బావగారు.